గోలీకీ చాయ్‌కీ మధ్య గంట

పెళ్లికి ముందు మా ఆవిడ మొహాన్ని నేను ఒక్కసారే చూశాను. జడను మాత్రం తీరిగ్గా చూశాను.

చూపులకు వెళ్లినప్పుడు వసుమతి తల వంచుకొని వచ్చి చాప మీద కూర్చుంది. మొహం ఎంత కనిపించాలో అంతే కనిపించింది. మా అమ్మ ఊరుకోకుండా "జర అటు తిరుగు బిడ్డా" అంది. తిరిగింది. జడ చాప మీదికి దిగి ఇంకా జానెడు మిగిలింది. మా అమ్మ లేచి వెళ్లి, జడ చివర పట్టుకొని లాగి చూసింది. సవరం పెట్టి మోసం చేస్తున్నారేమోనని ఆమె అనుమానం. పిల్ల కదల్లేదు, మెదల్లేదు. "అసలుదే" అని మా అమ్మ నాకు వినపడేటట్టు చెప్పింది. దారిలో ఇంకోసారి, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని సామెత కూడా చదివింది. అలా కుదిరింది మా సంబంధం. అప్పటికి నన్నెవరూ లాగి చూడలేదు గనక నా సంగతి వాళ్లకు తెలియలేదు.

ఆ లాగడం గురించి వసుమతి నన్ను వెయ్యిసార్లు దెప్పి ఉంటుంది. "ఎడ్లను కొనేటోడు పండ్లు చూసినట్టు చూసింది మీ అమ్మ" అనేది. దెప్పడంలో ఆమెకు సాటి లేదు. నేను తెచ్చే కూరగాయలు ముదిరినవి. నా స్కూటరు మోతకు చెవులు పోతాయి. చుట్టాలింటికి వెళ్లొస్తే, వాళ్లు చాయ్‌లో అల్లం వేశారని రెండు రోజులు అదే మాట: "అది చాయా, మందా? నాకు అల్లం పడదని ఎన్నిమాట్ల చెప్పాలె." మా అమ్మ ఉన్నన్నాళ్లు అత్తాకోడళ్లు ఒకరినొకరు దెప్పుకుంటూ, నా మీదికి వచ్చేసరికి ఒక్కటయ్యేవాళ్లు. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ వాటా కూడా వసుమతే చూసుకుంది.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. కిందటి ఏడాది ఎండాకాలంలో ఆ దెప్పుళ్లు ఆగిపోయాయి. నేను గమనించలేదు. ఇన్నాళ్లకు ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

నా పేరు కిషన్. ఆబిడ్స్‌లో ఒక పాత బిల్డింగు మెట్ల కింద నా దుకాణం. నిలబడితే తల తగులుతుంది కాబట్టి రోజంతా కూర్చునే ఉంటాను. రబ్బరు స్టాంపులు, నేమ్‌ప్లేట్లు చేస్తాను. మా నాయన చేత్తో చెక్కేవాడు, నేను కంప్యూటర్ మీద కొట్టి మిషన్‌తో తీస్తాను. అక్షరాలను తిరగేసి చదవడం మాత్రం ఇద్దరిదీ ఒకే విద్య. "ఉల్టా అక్షరాలు చదువుతవు కానీ, సీదా ఎదురుగ ఉన్న మనిషిని చదవవు డాడీ" అంటుంది మా కీర్తి. పంతొమ్మిదేళ్ల పిల్ల, కోఠిలో డిగ్రీ చదువుతోంది. ఆ వయసులో అందరూ తల్లిదండ్రులకు సర్టిఫికెట్లు ఇస్తారు. నేను పట్టించుకోలేదు.

వసుమతిది తపాలా శాఖలో ఉద్యోగం. నాంపల్లిలో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఆఫీసు. రిజిస్టర్ పోస్టు కౌంటరు ఆమెది. జడను ముందుకు వేసుకొని కూర్చుంటే తట్టుకుంటుందని, కుర్చీ వెనక నుంచి వేలాడదీసుకునేది. కవర్లు తీసుకెళ్లడానికి పక్కకు తిరిగినప్పుడల్లా అద్దం అవతల నిలబడ్డవాళ్లకు ఆ జడే కనిపించేది. ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. "గా జడ మేడం కౌంటర్ల ఇయ్యి" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. కోర్టు నోటీసులు పంపే గుమస్తాలు నా దుకాణానికి స్టాంపుల కోసం వచ్చి, నేను ఆమె భర్తనని తెలియక నాకే చెప్పిన సందర్భాలున్నాయి. అప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ఆ జడకు నేను చేసిందేమీ లేదు.

మే నెలలో, హైదరాబాద్ నిప్పులు చెరుగుతుంటే, ఆమె ఫ్యాన్ బంద్ చేయమంది. ఇద్దరం తండ్రీకూతుళ్లం చెమటలు కక్కుతుంటే, ఆమె దుప్పటి కప్పుకొని పడుకుంది. గొంతు బొంగురుపోయింది. ఆదివారాలు పదకొండింటి దాకా నిద్రపోయేది. ఆఫీసులో ఒకరి కవరు మీద అంటించాల్సిన స్టిక్కరు ఇంకొకరి కవరు మీద అంటించి రెండుసార్లు మాటపడింది. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పింది కూడా, పక్కింట్లో జరిగిన విషయంలాగా. "నువ్వేమన్నవు?" అని అడిగాను. "ఏమంటా. తప్పే గదా" అంది. వెనకటి వసుమతి అయితే ఆ స్టిక్కరు చేసినవాడి ఏడు తరాలను తిట్టేది.

తర్వాత బాత్రూంలో నీళ్లు నిలిచాయి. నేను ఇనప తీగ వంచి మోరీలోకి పెట్టి లాగాను. పిడికెడు జుట్టు వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ వచ్చింది. నేల మీద పరిస్తే ఏదో చచ్చిన ప్రాణిలాగా ఉంది. వసుమతి గుమ్మంలో నిలబడి చూసింది. "నెల సంది గట్లనే ఊడుతున్నది" అని, ఆ తడి జుట్టును ఎత్తి, పిండి, ఆరబెట్టడానికి తీసుకెళ్లింది.

ఆరబెట్టడమెందుకో మా ఇళ్ల ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. దువ్వెనకు వచ్చిన జుట్టును వాళ్లు పారెయ్యరు. వేలికి చుట్టి, ఉండ చేసి, కిటికీ ఊచలకు కట్టిన కవర్లో దాస్తారు. ఏడాదికో, రెండేళ్లకో గల్లీలోకి తట్ట నెత్తిన పెట్టుకొని ఒకామె వస్తుంది. "చిక్కెంటికలకు సామాన్లు" అని అరుస్తుంది. చిన్న తరాజులో తూచి, జుట్టుకు బదులు పిన్నీసులో, ప్లాస్టిక్ డబ్బానో ఇస్తుంది. మా అమ్మా ఇచ్చేది, ఆమె అత్తా ఇచ్చేది. ఆ ఏడాది మా ఇంట్లో కవరు రెండు నెలల్లో నిండింది. తట్ట ఆమె తూచి, "ఏందమ్మా, ఇంట్ల ఎంతమంది ఆడోళ్లు?" అని అడిగిందట. "నేనొక్కదాన్నే" అంది వసుమతి. తట్ట ఆమె జుట్టుకు బదులు స్టీలు గ్లాసు ఇచ్చి వెళ్లిపోయింది. ఇవన్నీ నాకు తర్వాత కీర్తి చెప్పిన సంగతులు.

జులైలో కీర్తి పట్టుబట్టి రక్త పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో హిమాయత్‌నగర్‌లో డాక్టర్ దగ్గరికి పంపింది. డాక్టరు పేరు కమలకుమారి, వాళ్లది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. కానీ హిమాయత్‌నగర్ రోడ్డు మీద స్కూటరు పెట్టే జాగా దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి. ఆమెను మెట్ల దగ్గర దింపి, మూడు సందులు తిరిగి, ఒక స్వీటు షాపు ముందు పెట్టి, ఆ షాపువాడితో గొడవపడి వచ్చేసరికి ఆమె చీటీ పట్టుకొని కిందికి దిగుతోంది.

"ఏమన్నది?"

"థైరాయిడ్ తక్కువ పన్జేస్తున్నదట. నలభై రెండున్నది రిపోర్టుల. ఐదు లోపల ఉండాలెనట."

"మరి జుట్టు?"

"దానితోనే పోతున్నదట. ఇది సక్కగైతే అది ఆగుతదన్నది."

"మందు?"

"పొద్దుగాల లేవంగనే ఒక గోలీ. ఎప్పటికీ."

నాకు చాలా తేలికనిపించింది. ఆపరేషన్ లేదు, సూదులు లేవు, ఒక్క గోలీ. ఆ గోలీ నేనే ఇస్తానని స్కూటరు మీద వస్తూ అన్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నేను పొయ్యి వెలిగించలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. మా నాయన వెలిగించలేదు, నేనూ వెలిగించలేదు, అంతే. మర్నాడు ఐదున్నరకు లేచి, కీర్తిని లేపి, చాయ్ ఎలా పెట్టాలో చెప్పించుకున్నాను. వసుమతికి చలి వేస్తోంది కదా, ఒంటికి వేడి చేస్తుందని నా సొంత తెలివితో ఇంత అల్లం దంచి వేశాను. గిన్నె పొంగింది, మూత కింద పడి గల్లీ అంతా వినపడేటట్టు మోగింది. షెల్ఫులో కొత్తగా మెరుస్తున్న స్టీలు గ్లాసు కనిపిస్తే అందులో పోశాను. సాసర్లో గోలీ పెట్టుకొని మంచం దగ్గరికి వెళ్లాను.

"వసూ, గోలీ. చాయ్ గూడ తెచ్చిన."

ఆమె లేచి కూర్చుంది. గోలీని చూసింది, గ్లాసును చూసింది, నన్ను చూసింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత గోలీ నోట్లో వేసుకొని చాయ్ తాగింది. సంతోషంతో మాట రాలేదనుకున్నాను. నా గురించి నేను అంత మంచిగా అనుకోవడం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఒక్క రోజు మానలేదు. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా లేచి పెట్టాను. నా దుకాణం పక్కన జితేందర్ అని సెల్‌ఫోన్ రిపేరు అతను ఉంటాడు, అతనికి రోజూ చెప్పేవాణ్ని. "మా ఇంటామెకు గోలీ, చాయ్ రెండు నేనే ఇస్త." అతను ఇంటికి వెళ్లి వాళ్లావిడకు చెప్పి, నా వల్ల తిట్లు తిన్నాడు.

రెండు నెలల తర్వాత రిపోర్టు ముప్పై తొమ్మిది. డాక్టరమ్మ గోలీ పవరు యాభై నుంచి డెబ్బై ఐదుకు పెంచింది. ఇంకో రెండు నెలలకు ముప్పై ఏడు, గోలీ నూరైంది. ప్రతిసారీ నేను ఆమెను దింపి, స్కూటరుకు జాగా వెతుకుతూ ఉండేవాణ్ని, లేదా తొందర ఆర్డరు ఉందని దుకాణానికి వెళ్లిపోయేవాణ్ని.

జుట్టు మాత్రం పోతూనే ఉంది. పాపిట వెడల్పయింది. ముందు వేలెడు, తర్వాత రెండు వేళ్లు. జడ సన్నబడి సన్నబడి, చివరికి మా కీర్తి లంగాకు పెట్టుకునే నాడాలాగా అయింది. ఆఫీసులో ఆమెతోపాటు పనిచేసే స్వర్ణ రోజుకో మందు చెప్పేది. ఉల్లిగడ్డ రసం, మందారాకు, కరివేపాకు కాచిన నూనె. అన్నీ చేశాం. ఇల్లంతా ఉల్లిగడ్డ వాసన కొట్టింది. వసుమతి ఏది పూయమంటే దానికి తల వంచేది, కడగమంటే కడిగేది. ఇష్టం ఉందో లేదో తెలిసేది కాదు. "ఎట్లుంది?" అంటే, "నాకేం అనిపిస్తలేదు" అనేది. ఏది అడిగినా అదే మాట. ఏడిస్తే ఊరుకోబెట్టవచ్చు, కోపం తెచ్చుకుంటే తిట్లు తినవచ్చు. ఏమీ అనిపించని మనిషిని ఏం చేయాలో నాకు తెలియలేదు.

బతుకమ్మ పండగ ముందు స్వర్ణ, "ఆఫీసుల అందరం ఆడుతం, ఒక సవరం కొనుక్కొని రా వదినా, పూలు పెట్టుకోవద్దా" అంది. సరేనని ఒక సాయంత్రం కోఠి వైపు ఒక సందులో సవరాలు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాను. గోడకు వరసగా జడలు వేలాడుతున్నాయి. దుకాణదారు చాలా మర్యాదస్తుడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దం ముందు పెట్టి, ఒక్కో సవరం తల పక్కన పెట్టి రంగు చూస్తున్నాడు. "గిది జర నలుపెక్కువ, మీ ఎంటికలల్ల తెలుపున్నది గద అమ్మా" అన్నాడు. ఆమె గరిటె కొంటున్నట్టు రెండు మూడు చేత్తో తూచి, ఒకటి తీసి పెట్టింది. ఇరవై మూడేళ్ల కింద, సవరం కాదని లాగి చూసుకొని తెచ్చుకున్న జడ. నేను చూడలేకపోయాను. ఫోన్ వచ్చినట్టు నటించి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఆమె బేరం కూడా ఆడకుండా బయటికి వచ్చింది.

ఆ సవరం రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు పెట్టుకొని, సాయంత్రం రాగానే తీసి నా చొక్కా పక్కన మేకుకు తగిలించేది. పొద్దున చొక్కా కోసం చెయ్యి పెడితే అదే తగిలేది. మొదట ఉలిక్కిపడేవాణ్ని. తర్వాత అలవాటైంది. బతుకమ్మ నాడు ఆడిందా అంటే, అందరి వెంట తిరిగానంది. జనవరిలో ఏటా లాగే మా నాంపల్లి గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు. మా ఇంటికి ఆ పాటలు, అనౌన్స్‌మెంట్లు అన్నీ వినపడతాయి. ఏటా అక్కడ మిర్చీ బజ్జీ తిని, కారం లేదని తిట్టి, మళ్లీ రెండు తినేది వసుమతి. ఈసారి "మీరు పోండ్రి" అంది. నేను, కీర్తి వెళ్లాం. బజ్జీల దగ్గర ఇద్దరం నిలబడి, తినకుండా తిరిగి వచ్చాం.

ఆ నెలలోనే కీర్తి ఒక పొద్దున నేను పెట్టిన చాయ్ ఒక గుటక తాగి, మిగతాది సింకులో పోసింది. "డాడీ, ఇది చాయ్ కాదు, కషాయం. మమ్మీ రోజూ ఎట్ల తాగుతుంది?" అంది. మీ అమ్మకు నచ్చింది, నువ్వెవరు అన్నాను. అప్పుడే గ్లాసు సంగతి కూడా చెప్పింది, అది అమ్మ జుట్టుకు వచ్చిన గ్లాసని. మర్నాడు వేరే కప్పులో తీసుకెళ్లాను. వసుమతి కప్పును చూసి, "గ్లాసేది?" అంది. చెప్పాను. "గ్లాసు ఏం జేసింది. మంచిగనే ఉంది గదా" అంది. మళ్లీ గ్లాసులోనే ఇవ్వసాగాను.

జనవరి రిపోర్టు ముప్పై ఎనిమిది. గోలీ నూట ఇరవై ఐదైంది. ఈసారి డాక్టరమ్మ, గుండె పరీక్ష కూడా చేయించమందట. పల్స్ బాగా తక్కువగా ఉందట. ఆ మాట చెప్పినప్పుడు మొదటిసారి నాకు భయం పుట్టింది. అప్పటిదాకా జుట్టు పోతుందనే బాధపడ్డాను. మనిషే పోతే?

మార్చిలో వెళ్లాల్సిన రోజుకు నా స్కూటరు మెకానిక్ దగ్గర ఉంది. ఆటోలో వెళ్లాం. జాగా వెతకాల్సిన పని లేకపోవడంతో ఎనిమిది నెలల్లో మొదటిసారి నేను ఆ మెట్లెక్కాను.

కమలకుమారి గారు అరవై దాటిన మనిషి. రిపోర్టు చూసి కళ్లజోడు తీశారు. ముప్పై ఎనిమిదే.

"ఇంత డోసుకి ఇది దిగకుండా ఉండకూడదండీ. ఏమ్మా, టాబ్లెట్ మధ్యలో మానేస్తున్నారా?"

వసుమతి తల అడ్డంగా ఊపింది. నేను ముందుకు జరిగాను. ఇన్నాళ్లకు నా పని గురించి చెప్పుకొనే చోటు దొరికింది.

"లేదు మేడం. ఒక్క రోజు గూడ తప్పలే. నా చేత్తోని నేనే ఇస్త. పొద్దుగాల ఐదున్నరకు లేచి, వేడివేడి చాయ్ పెట్టి, గోలీ, చాయ్ రెండు మంచం కాడికే తెస్త."

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత వసుమతి వైపు తిరిగారు.

"చాయ్‌తోనా? నేను మొదటి రోజే చెప్పాను కదమ్మా. వట్టి కడుపున, మంచినీళ్లతో వేసుకోవాలని, గంట దాకా టీలూ పాలూ ముట్టుకోవద్దని. టీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదమ్మా. చీటీ మీద కూడా రాశాను."

రాశారు. ఆ చీటీ నేను చూడలేదు. గోలీ పేరు వరకే కీర్తి చదివి చెప్పింది, మందుల దుకాణంవాడు ఇచ్చాడు, నేను తెచ్చాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టాను, ఎలా పెట్టాలో కూడా అడగలేదు. వసుమతి బల్ల మీద పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ తిట్టలేదు. గోలీ నూరుకు తగ్గించారు. నీళ్లతో వేసుకొమ్మని, ఆరు వారాల తర్వాత రమ్మని చెప్పారు. జుట్టు గురించి నేనే అడిగాను. "ముందు ఇది దారిలోకి రానివ్వండి. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు పడుతుంది. మునుపటంత వస్తుందని మాటివ్వలేను" అన్నారు.

తిరుగు ఆటోలో బషీర్‌బాగ్ దాకా వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగాం. ఇంక ఉండబట్టలేకపోయాను.

"డాక్టరమ్మ చెప్పిన మాట యాదికి లేకుండెనా?"

"ఉండె."

"మరి నాకు ఎందుకు చెప్పలే వసూ? ఎనిమిది నెలలు."

ఆమె బయటికి చూస్తూనే చెప్పింది. గొంతులో పెద్దగా ఏమీ లేదు. రిజిస్టర్ పోస్టు రేటు చెప్పినట్టు చెప్పింది.

"మీరు చాయ్ తెచ్చిన్రు. ఇర్వై రెండేండ్లల మీరు నాకు ఒక్కనాడు చాయ్ పెట్టియ్యలే. గా పొద్దు తెచ్చిన్రు. వద్దంటే మళ్ల తేరనుకున్న."

"నీళ్లు అడిగితే నీళ్లు తెస్తుంటి గదా."

"నీళ్లు ఎవలైనా ముంచుకుంటరు. మళ్ల గంటకు లేచి చాయ్ పెడ్తరా మీరు? అప్పటికి పేపర్ల పడుతరు."

నిజమే.

"జుట్టు పోతున్నది గదా వసూ" అన్నాను చివరికి.

"పోయింది. నాకు దేని మీద ఏం అనిపిస్తలేకుండె. జుట్టు పోతే పోనీ అనిపించె. పొద్దుగాల మీరు వంటింట్ల గిన్నెలు కింద పడేసిన సప్పుడు ఇంటె ఒక్కటే, లేవాలనిపించేది."

సిగ్నల్ పడింది. ఆటో కదిలింది. ఆబిడ్స్ మీదుగా వస్తుంటే నా దుకాణం కనిపించింది, షట్టరు వేసి ఉంది. రోజంతా ఆ మెట్ల కింద కూర్చొని ఎవరెవరి పేర్లో చెక్కుతాను. పక్కన కూర్చున్న ఈమె ఒక గ్లాసు చాయ్ కోసం తన జడ వదులుకుంది. నాకు సిగ్గేసింది. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. ఆటోలో మా ఇద్దరి మధ్య రిపోర్టుల కవరు ఉంది. అది తీసి ఒళ్లో పెట్టుకొని చెయ్యి పట్టుకున్నాను. మార్చి ఎండలో కూడా చల్లగా ఉంది.

ఇంటి ముందు దిగుతూ ఆమె అడిగింది, "రేపటి సంది తేరా మరి?"

"తెస్త" అన్నాను.

మర్నాడు ఐదున్నరకు లేచి నీళ్లు, గోలీ ఇచ్చాను. ఆమె వేసుకొని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ గంట ఎలా గడపాలో నాకు తెలియలేదు. పేపరు వచ్చింది. దాన్ని చూడకుండా తిప్పి టీవీ మీద పెట్టాను. నాంపల్లి స్టేషన్ మైకులో ఏదో రైలు ఆలస్యమని చెబుతుంటే ఇంట్లోకి వినపడుతోంది. ఆరున్నరకు వంటింట్లోకి వెళ్లాను. అలవాటు ప్రకారం మూత కింద పడింది. చాయ్ తీసుకెళ్లేసరికి ఆమె లేచి, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. గ్లాసు అందుకొని తాగింది.

అలా ఆరు వారాలు. రిపోర్టు పదకొండుకు దిగింది. కీర్తి ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. నేను వసుమతిని చూస్తూ ఉండేవాణ్ని, ఏమన్నా మారిందా అని. ఫ్యాన్ వేసుకుంటోంది. ఆదివారం ఎనిమిదింటికే లేచింది. పాపిట మాత్రం అంతే ఉంది. సవరం మేకుకే ఉంది. ఎట్లుంది అంటే, ఏం అనిపిస్తలేదనే అంటోంది. ఇక జన్మకు ఇంతేనేమో, రిపోర్టు దిగుతుంది గాని మనిషి తిరిగి రాదేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, కీర్తికి కూడా.

మే నెల మొదటి వారంలో ఒక పొద్దున, ఎప్పటిలాగే ఆరున్నర దాటాక గ్లాసు ఇచ్చాను. ఆమె ఒక గుటక తాగి, గ్లాసు కిందికి దించి, అందులోకి చూసింది.

"ఏందిది?"

"చాయ్."

"చాయ్ల అల్లం ఎందుకేస్తరు? నాకు అల్లం పడదని ఇర్వై మూడేండ్ల సంది చెప్తనే ఉన్న. మంటికి చెప్పినట్టే ఉన్నది. అల్లం గూడ పొట్టు తియ్యకుంట దంచినట్టున్నరు, పండ్లల్ల ఇరుక్కుంటున్నది. గీ ఏడాది సంది గిదే తాగిపిస్తున్నరు నాతోని. గిన్నె మూత సక్కగ పట్టుకోరాదు, పొయ్యి మీద పాలన్ని పొంగిస్తరు, తుడిచేది నేను. మీ అమ్మ నా జడ గుంజి చూసుడు కాదు, నేను మీ చెయ్యి గుంజి చూడాల్సుండె."

నేను అలాగే నిలబడి విన్నాను. ఆమె ఇంకా ఏదో అంటోంది, పాల ప్యాకెట్ గురించి, నేను తెచ్చే చాయ్ పత్తి గురించి. పక్కగదిలో కీర్తి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇటు తే, మల్ల పెడ్త" అని గ్లాసు తీసుకొని వంటింట్లోకి వెళ్లాను. గిన్నె కడిగి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. గ్యాసు తిప్పి లైటరు కొట్టాను. అంటుకోలేదు. మళ్లీ కొట్టాను. కళ్లలో నీళ్లు నిండి బర్నరు ఎక్కడుందో కనిపించడం లేదు.

"గ్యాసు వాసనొస్తున్నది" అని లోపలి నుంచి వసుమతి గట్టిగా అంది. "ముందుగాల బటన్ బంద్ జేసి, కిటికీ తెర్వండ్రి. ఒక్క పని సక్కగ రాదు ఈ మనిషికి."

బటన్ బంద్ చేసి కిటికీ తెరిచాను.